ఐదు చిల్లులూ ఒకేచోట

"మీకేమిటండీ, గురి మీ రక్తంలోనే ఉంటుంది." కొండ దిగి మైదానానికి ఏ పని మీద వెళ్లినా ఈ మాట మా చెవిన పడుతూనే ఉంటుంది. డైట్ కాలేజీలో ట్రైనింగ్ చేసిన రెండేళ్లూ విన్నాం. ఉద్యోగంలో చేరాక మీటింగుల్లో విన్నాం. అనేవాళ్లు మంచి మనసుతోనే అంటారు. ఏకలవ్యుణ్ణి తలుస్తారు, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన ముత్తాతలను తలుస్తారు. మేమూ చాలాకాలం నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు ఊరుకోవడం లేదు. ఆ పొగడ్త వెనక ఇంకో మాట నక్కి ఉంది. పుట్టుకతో వచ్చేదాన్ని ఇక నేర్పడం దేనికి అని. నేర్పనక్కర్లేదు అనుకున్నాక మన పిల్లలకు ఎవరూ నేర్పరు. నేర్పకుండానే పరీక్ష పెడతారు. తప్పితే, "మీవాళ్ల గురి ఏమైపోయింది?" అంటారు.

ఏకలవ్యుడి కథనైనా సరిగ్గా చదవాలి కదా. అతను మట్టిబొమ్మ చేసుకుని దాని ముందు నిలబడి రోజూ సాధన చేశాడు. పుట్టుకతోనే వచ్చేసినవాడికి ఆ బొమ్మతో ఏం పని?

మేమంటే రంపచోడవరం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ముగ్గురం. ముగ్గురమూ కొండరెడ్లమే, ఈ కొండల్లో పుట్టినవాళ్లమే. ఈ వ్యాసం తుపాకి గురించి కాదు. తుపాకి మీద బిగించే దుర్బిణి గురించి, అందరూ స్కోపు అంటారే, దాని గురించి. దాన్ని ఎలా అమర్చాలో, ఎలా సరిచేయాలో తెలియకపోతే మన పిల్లవాడికి ఏం జరిగిందో చెప్పాలని రాస్తున్నాం.

మూడేళ్ల కిందటి మాట. మా బడిలో పది పాసై ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి మైదానంలో ఒక క్రీడాశిబిరానికి వెళ్లాడు. గిరిజన యువతలో షూటింగుకు పనికొచ్చేవాళ్లను ఏరుతున్నారని తెలిసి, బస్సు ఛార్జీలు మేమే వేసుకుని పంపాం. అక్కడ ఒక ఎయిర్ రైఫిల్, దాని మీద ఒక స్కోపు. వరుసలో నిలబడ్డవాళ్లందరికీ అదే రైఫిల్. మనిషికి 5 పెల్లెట్లు. 10 మీటర్ల దూరంలో కాగితం, కాగితం మీద నల్లటి గుండ్రం. "గీతలు రెండూ కలిసే చోటును నల్లగుండ్రం నడిమిన పెట్టి నొక్కు" అన్నారట. పాఠం అంతే. వాడు పెట్టాడు, నొక్కాడు. ఐదింటిలో ఒక్కటీ నల్లగుండ్రాన్ని తాకలేదు. "నీకు గురి లేదు తమ్ముడూ" అని కాగితం చేతిలో పెట్టి పంపేశారు.

వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. మా ఎదురుగానే చింపబోతుంటే పట్టుకుని తీసుకున్నాం. విప్పి చూస్తే, ఐదు చిల్లులూ నల్లగుండ్రానికి దిగువన, ఎడమ పక్కన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. మీద రూపాయి బిళ్ల పెడితే ఐదూ దాని కింద దాక్కున్నాయి.

ఇది గురి లేనివాడి కాగితం కాదు. గురి లేనివాడి కాగితం మీద చిల్లులు తలో దిక్కుకూ పోతాయి. ఒకటి పైన, ఒకటి అంచున, ఒకటి అసలు కాగితం మీదే పడదు. ఐదూ ఒకే చోట పడ్డాయంటే చెయ్యి కదల్లేదు, కన్ను చెదరలేదు, ఊపిరి తడబడలేదు అని అర్థం. ఐదూ తప్పు చోట పడ్డాయంటే స్కోపు ఆ రైఫిల్‌కు సరిపడేలా అమర్చి లేదని అర్థం. మొదటిది పిల్లవాడి సంగతి. రెండోది ఆ రైఫిల్ తెచ్చినవాళ్ల సంగతి. ఈ రెండింటినీ విడదీసి చూడగలవాళ్లు ఆ రోజు అక్కడ ఒక్కరున్నా వాడి పేరు జాబితాలో ఉండేది.

నిజానికి ఈ విడదీసి చూడడం మనకు కొత్తేమీ కాదు. మా తాత బాణాలు చేసేటప్పుడు చూసేవాళ్లం. పుల్లను నిప్పు సెగ మీద తిప్పుతూ, ఒక కన్ను మూసి పొడవునా చూస్తూ, వంకర ఉన్నచోట మోకాలికి ఆనించి సరిచేసేవాడు. పూటంతా అదే పని. తర్వాత అన్నిటినీ తీసుకెళ్లి పుట్టమన్ను దిబ్బకు వేసి చూసేవాడు. ఒక బాణం ఎన్నిసార్లు వేసినా ఎడమకే పోతుంటే దాన్ని విరిచి పారేసేవాడు కాదు. ఈక కట్టు విప్పి మళ్లీ కట్టేవాడు. అప్పటికీ అలాగే పోతే "ఇది ఎడమది" అని దానికి గాటు పెట్టుకుని, వేసేటప్పుడు ఒక వేలెడు కుడికి పట్టేవాడు. రోజుకో దిక్కుకు పోయే బాణాన్ని మాత్రం పొయ్యిలో పెట్టేవాడు. ఎప్పుడూ ఒకేలా తప్పేదాన్ని సరిచేయొచ్చు, ఎటు తప్పుతుందో తెలియనిదాన్ని సరిచేయలేం అని తాతకు తెలుసు. స్కోపు సరిచేయడమంటే ఇదే. వేలెడు అన్నచోట క్లిక్కులు లెక్కపెడతాం, అంతే తేడా.

ఆ ఏడాదే మా పెద్దమామ సైన్యంలో హవల్దారుగా రిటైరై ఊరికి వచ్చారు. ఆయన దగ్గర ఒక ఎయిర్ రైఫిల్, దానికో స్కోపు ఉన్నాయి. ఆ కాగితం చూపిస్తే ఆయన రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. "వీణ్ణి నా దగ్గరికి తీసుకురండి" అన్నారు. మేము పిల్లలకు కూడా చూపించమని అడిగాం. అప్పుడాయన మాకు పెట్టిన షరతులు ఈ పుస్తకం చదివే ప్రతి తమ్ముడికీ చెల్లికీ చెప్పాలి.

పెట్టెలోంచి తీయకముందే స్టేషనుకు వెళ్లి చెప్పి వచ్చారు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కానీ మన ప్రాంతంలో తుపాకిలా కనిపించే వస్తువును భుజాన వేసుకుని అడవి దారిన నడిస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దూరం నుంచి చూసేవాడికి జౌళ్లు కనిపించవు. కాబట్టి ఎప్పుడూ పెట్టెలోనే, ఎప్పుడూ చెప్పే, ఎప్పుడూ పగలే. పిల్లల బడి ఆవరణలోకి అది రాలేదు. పెద్దమామ కోత కోసిన చేలో, వెనక ఎత్తయిన మట్టిగట్టు ఉన్నచోటే. ట్రిగ్గర్ మీద వేలు పెట్టేది ఆయన, లేదంటే 18 నిండిన కుర్రాళ్లు. బడిపిల్లలది అద్దం, కొలత, లెక్క. పిట్ట మీదకు గానీ కుందేలు మీదకు గానీ గొట్టం తిప్పితే ఆ రోజుతో సరి. భూమి పండుగకు మనవాళ్లు వేటకు వెళ్లడం ఆచారమే, ఎవరూ కాదనరు. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పడితే కోర్టు చుట్టూ తిరిగేది ఆచారం కాదు, మన పిల్లవాడు.

ఇంకో షరతు మాకు బాగా నాటుకుంది. రైఫిల్ మీద ఉన్న స్కోపుతో మనుషుల్ని చూడకూడదు. స్కోపు చేతికి రాగానే పిల్లలకు మొదట పుట్టే కోరిక ఎదురు గూడెంలో ఎవరేం చేస్తున్నారో చూద్దామని. స్కోపు చూసిన వైపే గొట్టమూ చూస్తుందని పెద్దమామ చెప్పారు. అందుకని మా మొదటి పాఠాలన్నీ స్కోపు విప్పి, ఇసుక సంచి మీద పెట్టి చెప్పినవే. అటువంటి అద్దంలో అవతలివైపు ఉండడం ఎలా ఉంటుందో మన పెద్దవాళ్లలో కొందరికి తెలుసు. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయం.

పాఠం రెండు కుంభాకార కటకాలతో మొదలైంది. సైన్సు పెట్టెలో ఉండేవే. ఒకటి దూరంగా, ఒకటి కంటి దగ్గర పట్టుకుని సర్దుకుంటే ఎదురు కొండ మీది చెట్టు దగ్గరికి వచ్చింది, కాకపోతే తలకిందులుగా. పిల్లలు పడీపడీ నవ్వారు. స్కోపులో ఈ రెండింటి నడుమ ఇంకొన్ని కటకాలు ఉండి బొమ్మను మళ్లీ నిలబెడతాయి. ఆ కటకాలు ఒక చిన్న గొట్టంలో ఉంటాయి. ఆ చిన్న గొట్టం పెద్ద గొట్టం లోపల కొంచెం అటూఇటూ కదిలేలా ఉంటుంది. బయట పైన ఒక గుబ్బ, కుడిపక్కన ఒక గుబ్బ ఉంటాయి కదా, అవి తిప్పితే మర వెళ్లి ఆ చిన్న గొట్టాన్ని వెంట్రుకవాసి నెడుతుంది. పైది ఎత్తుకూ పల్లానికీ, పక్కది కుడిఎడమలకూ. తిప్పినప్పుడల్లా చిన్నగా టిక్ టిక్ మంటుంది. ఒక్కో టిక్కు ఒక క్లిక్కు.

మా స్కోపు మీద 3-9×40 అని రాసి ఉంది. వస్తువు 3 రెట్ల నుంచి 9 రెట్ల వరకు పెద్దదిగా కనిపిస్తుంది, ముందరి అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లు. 40ని 9తో భాగిస్తే దాదాపు 4.4. కంటి దగ్గరికి వచ్చే వెలుతురు వృత్తం వెడల్పు అన్నమాట. 3 రెట్లకు తగ్గిస్తే అదే 13 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే పెద్దది చేసేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, కన్ను కాస్త పక్కకు జరిగితే నల్లబడుతుంది. కొత్తవాళ్లు ముందు 9కి తిప్పేస్తారు. పెద్దగా కనిపిస్తే బాగా తగులుతుందని వాళ్ల నమ్మకం. పెద్దగా కనిపించేది లక్ష్యం ఒక్కటే కాదు, మన చేతి వణుకు కూడా. 4 చాలు.

గీతల సంగతి పిల్లలకు బాగా నచ్చింది. సుమారు 1640 ప్రాంతంలో విలియం గాస్కోయిన్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త దుర్బిణి లోపల సాలెపురుగు అల్లిన దారం స్పష్టంగా కనబడడం గమనించి, దాన్నే కొలతకు వాడుకున్నాడని చెబుతారు. తర్వాత చాలాకాలం పరికరాల్లో ఆ గీతలకు సాలెదారమే వాడారు. తుపాకి కంటే ముందు ఆ గీతలు నక్షత్రాలను కొలిచాయి, నేలను కొలిచాయి. ఘాట్ రోడ్డు వేసేటప్పుడు మూడు కాళ్ల పరికరంలోకి వంగి చూసే సర్వేయరును మా పిల్లలు ఎరుగుదురు. "అందులోనూ ఇవే గీతలా మాస్టారూ?" అని అడిగారు. ఇవే. ఎవరి పొలం ఎక్కడి దాకా, అడవి హద్దు ఎక్కడ నుంచి అని తేల్చిన అద్దాల్లోనూ ఇవే గీతలు. ఆ అద్దంలోకి చూడడం మనవాళ్లలో ఎందరికి వచ్చు అన్న ప్రశ్న ఆ పూట క్లాసులో చాలాసేపు నడిచింది. అది వేరే వ్యాసం.

ఇక బిగించడం. రైఫిల్ మీద గాడి ఉంటుంది. స్కోపును పట్టుకునే రెండు కడియాలు ఆ గాడిలో కూర్చుంటాయి. మరలు వదులుగా ఉంచే పెద్దమామ రైఫిల్‌ను భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, చెంప ఎప్పుడూ పెట్టేచోట పెట్టి, అప్పుడు కళ్లు తెరిచేవారు. వృత్తం నిండుగా కనిపించాలి. చుట్టూ నల్లటి నెలవంక కనిపిస్తే స్కోపును ముందుకో వెనక్కో జరపాలి. మెడను కాదు. కంటికీ అద్దానికీ మధ్య 8, 9 సెంటీమీటర్లు వచ్చింది. పెద్ద తుపాకుల మీద ఈ ఎడం లేకపోతే వెనక్కి తన్నినప్పుడు కనుబొమ చీరుకుపోతుందని, అలా చీరుకున్న మచ్చలు సైన్యంలో కొందరికి చూశానని ఆయన చెప్పారు.

తర్వాత గీతలు నిలువుగా ఉండాలి. దీనికి మేము మామిడికొమ్మకు తాపీమేస్త్రి తూకం గుండు వేలాడదీశాం. రసమట్టం పెట్టి రైఫిల్‌ను సమంగా ఉంచి, స్కోపులోంచి చూస్తూ నిలువుగీత తూకం దారంతో కలిసేదాకా స్కోపును దాని కడియాల్లోనే తిప్పాం. గీత పక్కకు వాలి ఉంటే దగ్గరి దూరానికి ఏమీ తెలియదు. దూరం మారి పైగుబ్బ తిప్పినప్పుడు మాత్రం పెల్లెట్ పైకి పోతూ పక్కకు కూడా పోతుంది, ఎందుకు పోతోందో అంతుపట్టదు. అప్పుడు ఎలన్ కీతో మరలు ఒకదాని తర్వాత ఎదురుది, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే గొట్టం మెలి తిరుగుతుంది. సైకిలు చక్రం బిగించినట్టే.

గీతలు స్పష్టంగా కనిపించడానికి కంటి దగ్గరి అద్దం తిప్పాలి. ఖాళీ ఆకాశం వైపు పెట్టి, సూర్యుడి వైపు ఎప్పుడూ కాదు, ఒక్క క్షణం చూసి కన్ను తీసేయాలి. మసకగా ఉంటే కాస్త తిప్పి మళ్లీ చూడాలి. కన్నార్పకుండా చూస్తూ తిప్పితే మోసపోతాం. అద్దం సరిపడకపోయినా కన్నే సర్దుకుని సరిపడినట్టు చూపిస్తుంది. గంట తర్వాత తలనొప్పి వస్తుంది.

ఇంకొకటి ఉంది. క్లాసులో గోడ గడియారాన్ని ఎదురుగా కూర్చున్నవాడు చూస్తే ఒక టైము, గోడవార బెంచీ మీదవాడు చూస్తే ఒక నిమిషం తేడా. ముల్లుకూ అంకెకూ మధ్య ఎడం ఉండబట్టి అలా. స్కోపులోనూ లక్ష్యం బొమ్మ, గీతలు ఒకే తలంలో పడకపోతే తల కదిలిస్తే గీతలు లక్ష్యం మీద ఈదుతున్నట్టు కదులుతాయి. తుపాకుల కోసం చేసిన చాలా స్కోపుల్లో ఈ తేడా 100 గజాల దగ్గర లేకుండా ముందే సర్ది ఉంటుంది. దాన్ని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మీద పెడితే చెంప రోజుకో చోట పెట్టినవాడికి రోజుకో ఫలితం. మా స్కోపు ముందరి అద్దం చుట్టూ దూరం అంకెలున్న కడియం ఉంది, 10 దగ్గరికి తిప్పాక ఈత ఆగింది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ముందుకూ వెనక్కూ రెండు వైపులా కుదుపుతుంది కాబట్టి దానికి తట్టుకునేలా చేసిన స్కోపే కొనాలి. మామూలుది కొన్నాళ్లకే లోపల వదులైపోతుంది. కొనేవాళ్లు ఇది అడిగి కొనండి.

ఇప్పుడు లెక్క. ఒక డిగ్రీలో 60 నిమిషాలు. పూర్తి వృత్తంలో 360ని 60తో గుణిస్తే 21,600 నిమిషాలు. మనం మధ్యలో నిలబడి 10 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాని చుట్టుకొలత 62.83 మీటర్లు, అంటే 62,830 మిల్లీమీటర్లు. 21,600తో భాగించమన్నాం. 2.9 వచ్చింది. 10 మీటర్ల దగ్గర ఒక నిమిషం కోణం 2.9 మిల్లీమీటర్ల వెడల్పు. 20 మీటర్ల దగ్గర రెట్టింపు, 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. మా స్కోపులో ఒక క్లిక్కు నిమిషంలో నాలుగో వంతు. 10 మీటర్ల దగ్గర 0.73 మిల్లీమీటర్లు. వృత్తం చుట్టుకొలత సూత్రం ఎందుకు నేర్చుకోవాలని ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అప్పుడు ఆ కాగితం బయటపెట్టాం. పేరు చెప్పలేదు. ఐదు చిల్లుల నడిమిని పెన్సిలుతో గుర్తు పెట్టించి, స్కేలుతో కొలిపించాం. నల్లగుండ్రం కేంద్రానికి 29 మిల్లీమీటర్లు దిగువన, 22 మిల్లీమీటర్లు ఎడమన. 29ని 0.73తో భాగిస్తే సుమారు 40. 22ని భాగిస్తే 30. ఆ స్కోపూ మాదానిలాంటిదే అయితే 40 క్లిక్కులు పైకి, 30 క్లిక్కులు కుడికి. గుబ్బ మీద బాణం గుర్తు ఎటు చూపితే దెబ్బ అటు జరుగుతుంది. మొత్తం 70 టిక్కులు. మేము వాచీ పెట్టి తిప్పించి చూశాం, ఒక నిమిషం కూడా పట్టలేదు. ఒక అమ్మాయి లేచి, "ఒక్క నిమిషం పని చెయ్యలేక పంపేశారా?" అంది. మా దగ్గర జవాబు లేదు.

టీచర్లతో ఒక మాట. ఆ రోజు నుంచి నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు మా చెయ్యి కొంచెం ఆగుతోంది. మూడో తరగతిలో చేరిన పిల్ల డిక్టేషన్‌లో 20 మాటలకు 14 తప్పు రాస్తుంది. 6 మార్కులు వేసి ఇచ్చేస్తాం. ఆ 14నూ పక్కపక్కన రాసి చూడండి. మా దగ్గర ఒక పిల్లకు 14లో 11 ఒత్తక్షరాల దగ్గరే. భ రాయాల్సిన చోట బ, ధ రాయాల్సిన చోట ద. ఆ పిల్ల తన ఇంట్లో పలికినట్టే రాసింది, ప్రతిసారీ ఒకేలా రాసింది. చెయ్యి స్థిరంగానే ఉంది. తిప్పాల్సిన గుబ్బ ఒక్కటే, అదీ మన వైపుది. చిల్లులు చెల్లాచెదురుగా ఉన్న పుస్తకం వేరు, ఆ పిల్లకు వేరే వైద్యం కావాలి, బహుశా కళ్లద్దాలు, బహుశా కడుపుకు తిండి. రెండింటికీ ఒకే 6 వేస్తే మనకూ ఆ శిబిరంవాళ్లకూ తేడా ఏముంది?

సరే, వాడే పద్ధతి. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా పట్టుకుంటే మంచిదనుకుంటారు, అది తప్పు. ముందు చేతిని అరచేయి తెరిచి దాని మీద ఊరికే పడుకోబెట్టాలి, ప్రతిసారీ అదే చోట. రాయి మీదో దుంగ మీదో నేరుగా ఆనిస్తే ఎగిరిపడి వేరే చోట తగులుతుంది. మెత్తటి సంచి మీద చెయ్యి, చెయ్యి మీద రైఫిల్. ఊపిరి వదిలాక మళ్లీ పీల్చే ముందు శరీరం తనంతట తనే ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో నొక్కాలి. బిగబట్టి కూర్చుంటే గీతలు గుండె లయతో ఎగురుతాయి. ఒక్కో దెబ్బకు గుబ్బ తిప్పకూడదు. 5 వేసి, నడిమి చూసి, అప్పుడే. ఒక్క చిల్లును చూసి తిప్పేవాడు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటాడు. పెద్దమామ దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లకు అన్నిటికంటే కష్టమైంది ఈ ఓపికే.

దూరం మారితే లెక్క మారుతుంది. పెల్లెట్ సెకనుకు 180 మీటర్లు పోతోందనుకుందాం. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోయినా 10 మీటర్లు పోయేలోపు ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి పడుతుంది, 20 మీటర్లకు 6 సెంటీమీటర్లు. దూరం రెట్టింపయితే పడేది నాలుగింతలు. పైగా స్కోపు గొట్టానికి నాలుగు సెంటీమీటర్ల పైన కూర్చుని ఉంటుంది. కాబట్టి గొట్టం కాస్త పైకి చూసేలా అమరుతుంది, పెల్లెట్ మన చూపు గీతను దగ్గరలో ఒకసారి కింద నుంచి పైకి, దూరంలో ఒకసారి పై నుంచి కిందికి దాటుతుంది. పదో తరగతి పిల్లలు దీన్ని గ్రాఫ్ కాగితం మీద గీశారు. తాత చెట్టు మొదలుకు ఒక ఎత్తు, గట్టు మీదికి ఒక ఎత్తు పట్టడం ఈ గీతే. ఆయన కాగితం మీద గీయలేదు.

ఆ అబ్బాయి ఒక ఆదివారం వచ్చాడు. ముందు ఒప్పుకోలేదు. "నాకు గురి లేదని రాసిచ్చారు కదా మాస్టారూ" అన్నాడు. నిజానికి ఎవరూ ఏమీ రాసివ్వలేదు, వాడి మనసులో అలా రాసుకుపోయింది. పెద్దమామ స్కోపును కావాలనే పక్కకు తిప్పి చేతికిచ్చారు. వాడు 5 వేశాడు, లేచి వెళ్లి కొలిచాడు, చేతి మీద పెన్నుతో లెక్క వేసుకున్నాడు, తిప్పాడు. ఇంకో 5 వేశాడు. కొంచెం మిగిలింది, రెండు క్లిక్కులు. ఆపైన రెండు వేశాడు. మొత్తం 12 పెల్లెట్లతో నల్లగుండ్రం నడిమికి వచ్చేశాడు. పెద్దమామ వీపు తట్టారు. వాడు నవ్వలేదు. "అయితే ఆ జాబితా?" అని అడిగాడు. జాబితా ఎప్పుడో అయిపోయింది. మేము కాగితంతో సహా అర్జీ రాశాం. జవాబు రాలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసి మాకు ఒళ్లు మండింది. అసలు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కటకాలున్న స్కోపును అనుమతించరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. ముందు ఒక చిన్న గుండ్రం, కంటి దగ్గర సన్నటి రంధ్రం, అంతే. అందులోంచి చూస్తూ అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. కదిలే లక్ష్యం పోటీ వేరు, దానికి స్కోపు ఉంటుంది. 1992 నుంచి 2004 దాకా అది ఒలింపిక్స్‌లోనూ ఉండేది. పోటీలో లేని అద్దాన్ని ఎంపికలో ఎందుకు పెట్టారో, పెట్టినా సరిచేయకుండా ఎందుకు పెట్టారో మాకు ఇప్పటికీ అర్థం కాదు. స్కోపు లేని గురిలోనూ ఇవే గుబ్బలు, ఇవే క్లిక్కులు ఉంటాయి కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. విలువిద్యలోనూ అంతే. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు తెచ్చిన కాంపౌండ్ విల్లు విభాగంలో విల్లుకే భూతద్దం, రసమట్టం బుడగ, మరలూ ఉంటాయి. విల్లు మనదని చెప్పుకునే మన పిల్లల్లో ఆ మరను ఒక్కసారి తిప్పి చూసినవాళ్లు ఎందరు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ ఎంపికకు వెళ్లినా చేతికి పరికరం ఇచ్చినప్పుడు అడగండి: "దీన్ని ఏ దూరానికి జీరో చేశారు?" ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివాడు మీ ముఖం వైపు వేరేగా చూస్తాడు. చిల్లులన్నీ ఒకేచోట తప్పుగా పడితే కాగితం వెనక్కి ఇచ్చేముందు అక్కడే చూపించి, సరిచేశాక ఇంకో 5 ఇమ్మని అడగండి. ఇవ్వకపోవచ్చు. కాగితం మాత్రం చింపకండి, ఫోటో తీసుకోండి, తేదీ వేయండి.

ఆ అబ్బాయికి ఇప్పుడు 19 దాటాయి. సర్వేయరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడు కాళ్ల పరికరంలో గీతలు కనిపిస్తాయని తెలిసే పెట్టానన్నాడు. షూటింగు వదిలేశావా అంటే మాట దాటేస్తాడు. ఆదివారాలు మాత్రం చేలోకి వస్తాడు, చిన్నవాళ్లకు కాగితాలు అంటిస్తాడు.

వానాకాలం మా కొండల్లో అద్దానికి బూజు పడుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పిల్లలు ఏరి తెచ్చారు, స్కోపును వాటితో పాటు డబ్బాలో పెట్టి ఉంచాం. తొమ్మిదో తరగతి అమ్మాయిలు 10 మీటర్లకు సరిచేసిన స్కోపుతో 15 మీటర్ల దగ్గర పెల్లెట్ ఎక్కడ పడుతుందో లెక్క కట్టి, కాగితం మీద పెన్సిలుతో ముందే చుక్క పెట్టి, పక్కన పేర్లు రాసుకున్నారు. నలుగురిదీ నాలుగు చోట్ల ఉంది. వచ్చే ఆదివారం వాన తెరిపిస్తే చూస్తాం.